గవాక్షి మూసేశాం, ఏసీ పెట్టాం

ఇల్లు వేడెక్కితే అందరూ ఏసీ గురించే మాట్లాడతారు, కప్పు గురించి ఎవరూ మాట్లాడరు. మా చిత్తూరు, తిరుపతి వైపు ఇళ్ళ కప్పుల చరిత్ర చూస్తే అసలు బగ్ ఎక్కడుందో తెలుస్తుంది.

చంద్రగిరి రాజమహల్ చూసే ఉంటారు. రాయి, ఇటుక, సున్నంతో కట్టిన మూడంతస్తులు. రాజులకి అది కుదిరింది. రైతులకి దొరికింది మట్టి మిద్దె. దూలాలు, వాటి మీద దంతెలు, ఆ పైన బోద పరిచి మందంగా మట్టి కొట్టేవాళ్ళు. మధ్యాహ్నపు ఎండ ఆ మట్టి దాటి లోపలికొచ్చేసరికి పొద్దు గుంకేది. అప్పటికి మంచాలు బయటికి చేరేవి! పొయ్యి పొగ, వేడిగాలి పోవడానికి కప్పులోనే గవాక్షి ఉండేది. వానొస్తే ఎవరో ఒకరు మిద్దెక్కి దాన్ని మూయాల్సిందే. అంటే మట్టి మందం వేడిని ఆపుతుంది, గవాక్షి లోపలి వేడిని బయటికి పంపుతుంది. రెండూ ఉంటేనే లెక్క సరిపోతుంది.

1865లో బాసెల్ మిషన్ వాళ్ళు మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. ఆ పెంకు దక్షిణాదంతా పాకింది. పలచన కాబట్టి తొందరగా కాలుతుంది. కానీ సందుల్లోంచి వేడిగాలి పోతుంది, కింద మచ్చు ఉంటే ఇంటికి కొంత అడ్డం.

చిక్కంతా "బాగు" చేయించినప్పుడు వచ్చింది. దుమ్ము పడుతోందని పెంకుల కింద సీలింగ్ కొట్టించి సందులన్నీ మూసేశారు. మచ్చు కాస్తా పొయ్యి అయిపోయింది. మట్టి మిద్దెలు తీసేసి నాలుగైదంగుళాల స్లాబు పోశారు. అది పగలంతా ఎండ తాగి, సరిగ్గా మనం తలుపులేసుకుని పడుకునే వేళకి లోపలికి వదులుతుంది.

అలాగని పాత ఇళ్ళు స్వర్గాలేం కావు. ఏటా వానలకి ముందు మట్టి వెయ్యాలి, అయినా కారేది, దూలాలకి చెదలు పట్టేవి. ఆ చాకిరీ చేసినవాళ్ళకి స్లాబు నిజంగా విముక్తే. స్లాబు వేసినందుకు కాదు నా బాధ. పాత కప్పు ఏమేం పనులు చేస్తోందో లిస్టు రాసుకోకుండా మార్చేశారు. మన ప్రాజెక్టుల్లో మైగ్రేషన్ కథే అనుకోండి :)

తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. తెల్లపూతలాంటి వాటితో ఎండని వెనక్కి కొట్టడమే అందులో సంగతి. మిద్దెకి సున్నం కొట్టడం మన ఊళ్ళకి కొత్తేం కాదు. ఊళ్ళో అమ్మానాన్నలకి ఏసీ కొనిచ్చే ముందు స్లాబుకి తెల్లపూత వేయించండి. పెంకుటిల్లయితే రెండు చివర్ల ముక్కోణపు గోడలకి జాలీలు పెట్టించండి. మే నెల రాత్రి కరెంటు పోయినప్పుడు వాళ్ళకి పనికొచ్చేది అదే.