ఎరను చూచు కన్ను

జర్మనీలో హైడెల్బర్గునకు దక్షిణమున రైన్ మైదానమునందున్న వాల్డార్ఫ్ పట్టణము నేడు తెలుగు ఇంజనీరులకు సుపరిచితమే. కాని ఆ పట్టణమునకు ఖ్యాతి తెచ్చిన, వ్యాపారపు లెక్కల సాఫ్ట్‌వేరును తయారుచేయు ఎస్.ఏ.పి. సంస్థ ఐ.బి.ఎం.ను వీడిన ఐదుగురిచే 1972లో సమీపమందలి వైన్‌హైమున ప్రారంభింపబడినదనియు, ఆ సంవత్సరముననే అదే రాష్ట్రములోని ట్యూబింగెన్‌లో ఆల్ఫ్రెడ్ గీరర్, హాన్స్ మైన్‌హార్ట్ అను శాస్త్రజ్ఞులు జీవదేహములపై ఆకృతులేర్పడు విధమును సమీకరణములలో నిబంధించి కంప్యూటరుపై నడిపి చూపిరనియు ఎరిగినవారు కొలదిమంది. వర్తకుల పద్దులకును, జంతువుల చారలకును ఒకే యంత్రము పనికివచ్చిన కాలమది.

అయితే చారలు పుట్టుట వేరు, పుట్టినవానిలో కొన్నియే నిలుచుట వేరు. ఈ రెండవదానికి శత్రువుయొక్క చూపు కావలెను. రక్షకవర్ణముల పరిణామమును గణింపబూనిన వారి చరిత్రయంతయు, నా దృష్టిలో, ఆ చూపును లెక్కలోనికి తెచ్చుటకై పడిన శ్రమయే.

మాంచెస్టరులో 1848లో తొలుత కానవచ్చిన, లేతవన్నె చుక్కలచిమ్మటయొక్క నల్లని రూపము శతాబ్దాంతమునకు అచ్చట దాదాపు అంతటను వ్యాపించిన వైనమును గ్రహించి, నల్లనివానికి లేతవన్నెవానికంటె సుమారు సగము అధికముగా సంతతి మిగిలియుండవలెనని జన్యుశాస్త్రజ్ఞుడు జె.బి.ఎస్. హాల్డేన్ 1924లో కాగితముపై గణించెను. ఆ గణనలో చిమ్మటలను ఏరుకొని తిను పక్షి లేదు. దాని ఆకలి యంతయు ఒక సంఖ్యలో ఇమిడిపోయినది. ఆ హాల్డేనే 1957లో కలకత్తాలోని భారత గణాంక సంస్థకు వచ్చిన పిదప, పిఠాపురమున జన్మించిన కృష్ణ ద్రోణంరాజు ఆయన శిష్యుడై, లాంటానా పూలలో ఏ రంగుదానిపై ఏ సీతాకోకచిలుక వ్రాలుచున్నదో ఓపికతో లెక్కించి, 1960లో ‘నేచర్’ పత్రికయందు ప్రకటించెను. అది దాగు ఎరల కథ కాకపోయినను, వర్ణముయొక్క భవితవ్యము దానిని చూచు ప్రాణి కంటనున్నదని తెలుపు పరిశ్రమ గనుక తెలుగువారు గర్వముతో స్మరింపదగినది.

పరిణామమును గణించు యత్నము ఎరలకే పరిమితము కాలేదు. 1964లో బెర్లినున ఇంజనీరు ఇంగో రెషెన్‌బర్గు వాయుసొరంగములో మడతపలకను యాదృచ్ఛికముగా మార్చుచు, మేలైన రూపమునే నిలుపుకొనుచు, పరిణామమును యంత్రనిర్మాణ పద్ధతిగా మలచెను. అచ్చట తీర్పరి గాలి.

ఎరల విషయమున తీర్పరిగా నిజమైన పక్షినే కూర్చుండబెట్టినవారు అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయమువారగు అలన్ బాండ్, అలన్ కామిల్. తెరపై చిత్రితములైన చిమ్మటలను బ్లూ జే పక్షులు ముక్కుతో పొడిచి పట్టుకొనగా, తప్పించుకొన్నవాని లక్షణములనుండియే కంప్యూటరు తరువాతి తరమును పుట్టించెను. 2002లో ప్రకటితమైన ఫలితము రెండు విధములది: తరములు గడచినకొలది చిమ్మటలు నేపథ్యములో మరింతగా కలిసిపోయినవి, అంతేకాక, పక్షి ఒక రూపమునకు అలవాటుపడి అరుదైన దానిని గుర్తింపజాలదు గనుక, వానిలో వైవిధ్యము పెరిగినది. ఇంత పరిపూర్ణమైన ప్రయోగము ఈ శాస్త్రమున మరొకటి లేదని నా అభిప్రాయము. ఏలయన కేవల సమీకరణమునకు అలవాటనునది లేదు.

2011లో కంప్యూటరు గ్రాఫిక్సు నిపుణుడు క్రెయిగ్ రేనాల్డ్స్ పక్షిస్థానమున మనుష్యుని నిలిపి, ఛాయాచిత్రముపై స్పష్టముగా కనబడు ఎరలను అతనిచే ఏరించెను. 2020లో బ్రిస్టలు పరిశోధకులు, ఎరను చిత్రించునదొకటి, పసిగట్టునదొకటిగా రెండు కృత్రిమ నాడీజాలములను పరస్పరము పోటీపెట్టి, ఫలించిన వర్ణములను మనుష్యులచే వెదకించి పరీక్షించిరి. 2023లో రేనాల్డ్స్ సైతము మనుష్యుని తొలగించి, ఎరలతోపాటు తానును నేర్చుకొను నాడీజాలమును వేటగానిగా నిలిపెను.

వీనిలో ఎర తన రూపమును తానుగా మార్చుకొనదు; మార్చుకొను జీవియు కలదు. వాల్డార్ఫ్‌నకు ఉత్తరముననున్న ఫ్రాంక్‌ఫర్టులో గిల్ లోరాన్ బృందము, సముద్రజీవియగు కటిల్‌ఫిష్ చర్మముపైని వేలకొలది వర్ణకోశములను కంప్యూటరుతో వెన్నంటి చూచి, ఆ జీవి తిన్నగా నేపథ్యరూపమును పొందక, నడుమ నిలిచి నిలిచి, దిద్దుకొనుచు దానిని చేరునని 2023లో వెల్లడించినది. ఇట్లు తన్ను తాను దిద్దుకొను ఎరకును, నేర్చుకొను వేటగానికిని ఒకే నమూనాలో చోటు కల్పించుట ఇకముందు జరుగవలసిన పని.