సిమ్లా నుంచి వచ్చిన మాట

1939 సెప్టెంబరు 3, ఆదివారం. లండన్‌లో ఉదయం పదకొండుంబావుకు ప్రధాని చాంబర్లేన్ బీబీసీలో మాట్లాడి, జర్మనీతో యుద్ధం మొదలైందని చెప్పారు. అదే రోజు వైస్రాయ్ లిన్‌లిత్‌గో సిమ్లా నుంచి రేడియోలో ప్రసంగించారు. భారతదేశం కూడా యుద్ధంలో ఉందన్నారు. హైస్కూల్లో మనం పరీక్ష కోసం ఒక్క వాక్యంగా బట్టీపట్టిన సంగతి ఇది. ఇంజనీరుగా పాతికేళ్లు పైబడి పనిచేశాక, ఆ వాక్యం వెనక ఏం జరిగిందో తీరిగ్గా చదివాను.

అప్పటికి మన గోదావరి జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. 1937 ఎన్నికల తరవాత అక్కడ రాజాజీ మంత్రివర్గం ఏర్పడింది. అందులో మన ప్రకాశం పంతులుగారు, వి.వి. గిరిగారు, బెజవాడ గోపాలరెడ్డిగారు మంత్రులు. ప్రజలు ఎన్నుకున్న ఈ మంత్రులనుగాని, ఢిల్లీలోని కేంద్ర శాసనసభనుగాని వైస్రాయ్ అడగలేదు. అదే సామ్రాజ్యంలోని కెనడా తన పార్లమెంటులో చర్చించి, వారం ఆగి, సెప్టెంబరు 10న యుద్ధం ప్రకటించింది. దక్షిణాఫ్రికా పార్లమెంటులో ఓటింగే జరిగింది. మనకు మాత్రం కబురు అందింది, అంతే. దానికి నిరసనగా అక్టోబరు ఆఖరులో మద్రాసు మంత్రివర్గం రాజీనామా చేసింది.

ఆ కబురు విన్నవాళ్లయినా ఎందరు? రేడియో పెట్టె ఇంట్లో ఉంచుకోవాలంటే 1933 చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి. దాదాపు నలభై కోట్ల జనం ఉన్న దేశంలో 1939 చివరికి ఆ లైసెన్సులు లక్ష కూడా లేవు. ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం మొదలై ఏడాదే అయింది. కరెంటు లేని ఊళ్లో రేడియో మోగాలంటే బ్యాటరీ కావాలి. మన పల్లెల్లో ఎక్కువమందికి ఆ వార్త ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ ద్వారానో, అవి చదివి వినిపించినవారి నోటనో తెలిసింది.

అయితే రేడియో ఒక్క సర్కారు చేతిలోనే ఉండిపోలేదు. షార్ట్‌వేవ్ తరంగాలు ఆకాశంలో చాలా ఎత్తున ఉన్న అయనావరణం అనే పొరకు తగిలి కిందికి వంగి, వేల మైళ్ల దూరంలో దిగుతాయి. వాటికి సరిహద్దు గేట్లు లేవు. 1942 ఫిబ్రవరిలో సుభాష్ చంద్రబోస్ గొంతు బెర్లిన్ నుంచి ఆ దారినే మన దేశానికి చేరింది. ఆ ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమం మొదలవగానే ఉషా మెహతా, ఆమె మిత్రులు బొంబాయిలో రహస్యంగా కాంగ్రెస్ రేడియో నడిపారు. నవంబరులో పోలీసులు పట్టుకునేదాకా అది పలికింది. సిమ్లా మాటకు జవాబు కూడా గాలిలోనే వచ్చిందన్నమాట.

ఈలోగా యుద్ధం మన గుమ్మందాకా వచ్చింది. కాకినాడ రేవు నుంచి స్టీమరెక్కి రంగూన్‌లో కూలికి వెళ్లిన కుటుంబాలు మన ప్రాంతంలో ఎన్నో. కాకినాడ పక్కనున్న కోరంగి పేరుమీదే బర్మాలో తెలుగువారిని ‘కొరంగీలు’ అనేవారు. 1941 డిసెంబరులో జపాన్ రంగూన్‌పై బాంబులు వేసింది, మార్చిలో ఆ నగరాన్ని పట్టుకుంది. లక్షలమంది భారతీయులు ఉన్నది వదిలేసి తిరుగుముఖం పట్టారు. ఓడ దొరకనివారు కొండలు, అడవులు దాటుతూ నడిచారు. దారిలోనే వేలమంది పోయారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నంతోపాటు కాకినాడ మీదా బాంబులు వేశాయి. యుద్ధంలోకి వెళ్దామా వద్దా అని ఎవరూ అడగని మనుషులే దాని ఖర్చు భరించారు.

యుద్ధం ముగిసి, స్వాతంత్ర్యం వచ్చాక, 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రం మొదలైంది. మనం వింటూ పెరిగిన గొంతు అది.

మిత్రులారా, ఆ రోజులు చూసినవారికి ఇప్పుడు తొంభై దాటాయి. మీ ఇంట్లోగాని, మీ వీధిలోగాని రంగూన్ నుంచి నడిచొచ్చినవారి బిడ్డలు, కాకినాడ బాంబుల రోజు గుర్తున్న పెద్దలు ఉంటే ఒక సాయంత్రం వాళ్ల దగ్గర కూర్చోండి. చేతిలో ఫోను ఉంది కదా, వాళ్ల మాటలు రికార్డు చేయండి. వాటిని మన బడి లైబ్రరీలో భద్రపరిచే పని ఈ స్వర్ణోత్సవ సంవత్సరంలో మన సంఘం చేపడితే, సాంకేతిక సాయం నేను చేస్తాను. ఆనాడు వాళ్లను ఎవరూ అడగలేదు. ఇప్పుడైనా మనం అడుగుదాం.