107 బస్టాపు నుంచి మొదలుపెడితే

నర్సంపేట నుంచి కోచింగ్‌కని బయల్దేరే పిల్లలకి హైదరాబాద్ అంటే చార్మినార్ కాదు, దిల్‌సుఖ్‌నగర్. హాస్టళ్ళు, మెస్సులు, గ్రూప్స్, బ్యాంకు పరీక్షల కోచింగ్ సెంటర్లు అన్నీ అక్కడే. 2013 ఫిబ్రవరి 21న సాయంత్రం ఏడింటప్పుడు అక్కడి 107 బస్టాపు దగ్గర, ఏ1 మిర్చి సెంటర్ దగ్గర సైకిళ్ళ మీద పెట్టిన బాంబులు నిమిషాల తేడాలో పేలాయి. 18 మంది పోయారు.

ఇప్పుడు ఇంటర్ చదువుతున్నవాళ్ళకి ఇది ఊహ తెలియని నాటి సంగతి. పాఠంగా చెప్తే తేదీ, మృతుల సంఖ్య, సంస్థ పేరు, ఉరిశిక్ష... నాలుగు బిట్లు. నన్నడిగితే చోటు నుంచి మొదలుపెట్టాలి. అక్కడే ఎందుకు, ఆ టైముకే ఎందుకు? జిల్లాల నుంచి వచ్చిన కుర్రాళ్ళు మిర్చి బజ్జీలు తింటూ, బస్సు కోసం చూస్తూ నిలబడే వేళ కాబట్టి. ఎవరిని చంపుతున్నారో పెట్టినవాడికి అక్కర్లేదు, జనం ఉంటే చాలు. టెర్రరిజానికి ఇంతకంటే మంచి నిర్వచనం నాకు దొరకలేదు.

అక్కడి నుంచి వెనక్కి వెళ్ళాలి. 2007 ఆగస్టు 25, శనివారం. లుంబినీ పార్కులో లేజర్ షో, కోఠిలో గోకుల్ చాట్. రెండు చోట్లా కలిపి 42 మంది. లుంబినీలో చనిపోయినవాళ్ళలో ఏడుగురు మహారాష్ట్ర సంగమ్‌నేర్ నుంచి టూర్‌కి వచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులు. ఆ రాత్రే పేలని బాంబు ఒకటి దొరికింది. ఎక్కడనుకున్నారు? దిల్‌సుఖ్‌నగర్‌లోనే.

ఇక్కడిదాకా క్లాసు సాఫీగానే సాగుతుంది. కష్టమంతా అదే ఏడాది మే 18 దగ్గర. శుక్రవారం, మక్కా మసీదు. పేలుడులో తొమ్మిది మంది, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు చనిపోయారు. పేలుళ్ళ తర్వాత పట్టుకెళ్ళిన ముస్లిం యువకుల్లో చాలామంది నిర్దోషులుగా బయటికొచ్చారు. ప్రభుత్వం వాళ్ళకి పరిహారం ఇచ్చింది, 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వుని కొట్టేసింది. దర్యాప్తు చేతులు మారి హిందూ అతివాదుల మీద కేసు పెడితే, 2018 ఏప్రిల్‌లో స్వామి అసీమానంద సహా ఐదుగురినీ కోర్టు వదిలేసింది.

అదే 2018 సెప్టెంబరులో లుంబినీ, గోకుల్ చాట్ కేసులో ఇద్దరికి ఉరి, ఒకరికి యావజ్జీవం పడ్డాయి. ఇద్దరు నిర్దోషులన్నారు. దిల్‌సుఖ్‌నగర్ కేసులో ఐదుగురు ఇండియన్ ముజాహిదీన్ వాళ్ళకి 2016లో పడిన ఉరిని తెలంగాణ హైకోర్టు 2025 ఏప్రిల్‌లో ఖాయం చేసింది.

చాలామంది మాస్టార్లు మక్కా మసీదుని దాటేస్తారు, క్లాసులో గొడవెందుకని. కానీ దాన్ని వదిలేస్తే పిల్లల బుర్రలో మిగిలేది ఒక మతం పేరే. మా ఉద్యోగంలో సర్వర్ పడిపోతే ముందు ఏ నిమిషానికి ఏం జరిగిందో వరసగా రాస్తాం. ఎవరివల్ల అన్నది ఆ వరస పూర్తయ్యాకే. మూడు కేసుల్నీ అలా పక్కపక్కన బోర్డు మీద రాయించి చూడండి. ‘మరి మక్కా మసీదులో పెట్టిందెవరు సార్?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. కోర్టులో ఎవరి మీదా రుజువు కాలేదు. ఆ గడి ఖాళీగానే ఉంచాలి, మనకి నచ్చిన పేరుతో నింపకూడదు. వాట్సాప్‌లో మాత్రం అది ఎప్పుడో నిండిపోయింది.

హోంవర్కుగా నేనైతే ఒక్క ప్రశ్న ఇస్తాను: నిర్దోషి అని తేలినవాడికి పోయిన రోజుల లెక్క ఎవరు కట్టాలి?