లాట్రిగ్ గుట్టకు పోయే దారి

ఇంగ్లండు వాయవ్య మూలన, సరస్సుల సీమలో, కెజిక్ అనే చిన్న ఊరు ఉంది. (రాతలో నడుమ ఒక డబ్ల్యు కనిపిస్తుంది గాని పలుకులో అది లేదు.) జనాభా ఐదు వేలకు అటూ ఇటూ. ఆంగ్ల కవిత్వం చదువుకున్న మిత్రులకు ఈ సీమ వర్డ్స్‌వర్త్ ద్వారా పరిచితమే. ఆయన మిత్రులు కోల్‌రిజ్, సదీ కాపురమున్న గ్రీటా హాల్ ఈ ఊళ్ళోనే ఉంది. మన భావకవుల మీద ఈ కవుల ప్రభావాన్ని గురించి ఇప్పటికే కావలసినంత చర్చ జరిగింది. ఈ ఊరి చరిత్రలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం కవుల కథ కాదు; యాత్రికుల కోసం దారులు చూపే పుస్తకం రాసిన ఒకాయన కథ.

ఆయన పేరు హెన్రీ ఇర్విన్ జెంకిన్సన్. సరస్సుల సీమలో ఎక్కడెక్కడ ఎలా నడవాలో వివరిస్తూ 1872లో ఒక పుస్తకం వెలువరించాడు. కెజిక్‌లో గ్రీటా నదికి ఇరుప్రక్కలా ఉన్న ఫిట్జ్ పార్కు 1880లలో రూపు కట్టడానికి పూనుకున్నవారిలో ఈయన ముఖ్యుడు. రైలు స్టేషను ప్రక్కనే పార్కు. ఆ రైలు 1865లో ఊరికి వచ్చింది. అంతకు ఇరవై యేళ్ళ క్రితం, 1844లో, ఈ సీమలోకి రైలు వద్దని, మిల్లు కూలీల గుంపులు దిగుతాయని గట్టిగా వాదించినవాడు సాక్షాత్తు వర్డ్స్‌వర్త్! నడక మీద అంత కవిత్వం చెప్పిన మహాకవికి ఇతరుల నడక అంతగా రుచించలేదన్నమాట.

పార్కు సంపాదించడం ఒక విధంగా తేలిక. చందాలు పోగుచేయాలి, నేల కొనాలి, దస్తావేజు రాయించాలి. నడకదారికి దస్తావేజు ఎక్కడిది? ఆంగ్లేయుల న్యాయం ప్రకారం జనం అనాదిగా, ఎవరినీ అడగకుండా, దాపరికం లేకుండా నడిచిన దారి జనానిదే, నేల ఎవరిదైనా సరే. కాని ఆ సంగతి రుజువు చేయవలసినది నడిచేవారే. నాలుగేళ్ళు నోరు మూసుకుని ఊరుకుంటే, ఆ దారిన నడిచిన ముసలివారు పోతారు, వారితోపాటు సాక్ష్యమూ పోతుంది. మన పల్లెల్లో పుంత, డొంక అనే దారుల గతి తెలిసినవారికి ఇది వేరే విప్పి చెప్పనక్కరలేదు. సర్కారు లెక్కల్లో పుంత ఉంటుంది, నేల మీద ప్రక్క చేను గట్టు జరుగుతూ వస్తుంది!

కెజిక్‌కు ఆనుకుని లాట్రిగ్ అనే గుట్ట ఉంది. ఎత్తు 368 మీటర్లు. పైకెక్కితే ఊరూ, సరస్సూ, చుట్టూ కొండలూ ఒక్క చూపులో కనిపిస్తాయి. ఆ నేల స్పెడింగ్ వంశీయులది. ఈ వంశం సామాన్యమైనది కాదు; బేకన్ రచనలకు పరిష్కర్తగా పేరొందిన జేమ్స్ స్పెడింగ్ ఈ వంశంవాడే. అటువంటివారు గుట్ట దారులకు అడ్డుకట్టలు పెట్టారు. సరస్సు ఒడ్డున ఫా పార్క్ అనే భవంతి దగ్గర దారికీ అదే గతి పట్టింది. ఊరివాళ్ళు కాలిబాటల రక్షణకు సంఘం పెట్టుకున్నారు. దానికి అధ్యక్షుడు క్రాస్వెయిట్ చర్చి పురోహితుడు హార్డ్‌విక్ రాన్స్లీ, కార్యదర్శి మన జెంకిన్సన్.

1887 అక్టోబరు 1వ తేదీన సుమారు రెండు వేలమంది లాట్రిగ్ మీదికి నడిచారు. ఊరి జనాభాతో పోల్చి చూడండి! ఓడలలో మితిమీరి సరుకు నింపకుండా గీత గీయించిన శామ్యూల్ ప్లిమ్సాల్ కూడా వారిలో ఉన్నాడు. అడ్డంకులు పెకలించారు, శిఖరం మీద పాటలు పాడారు, దిగి వచ్చారు. రాన్స్లీ మాత్రం ఆ రోజు గుంపులో లేడు. వ్యవహారం 1888లో కార్లైల్ న్యాయస్థానానికి చేరి, రాజీతో ముగిసింది. స్పూనీ గ్రీన్ సందు మీదుగా శిఖరానికి పోయే దారి జనానికి దక్కింది. టెర్రస్ రోడ్డు అనే రెండవ దారిని వదులుకోవలసి వచ్చింది. ఇది సగం గెలుపేనని పెదవి విరిచేవారు ఉండవచ్చు. అడిగినదాంట్లో ముఖ్యమైనది శిఖరం, అది దక్కిందని నేననుకుంటాను. 1932లో కిండర్ స్కౌట్ మీద జరిగిన నడక అందరికీ తెలుసు, చరిత్ర పుస్తకాలకెక్కింది. దానికి నలభై అయిదేళ్ళు ముందటిదైన ఈ నడకను తలచేవారు తక్కువ.

రాన్స్లీ 1895లో ఆక్టేవియా హిల్, రాబర్ట్ హంటర్‌లతో కలిసి నేషనల్ ట్రస్టును స్థాపించాడు. ఆ సంస్థ సరస్సుల సీమలో మొదట కొన్న నేల కెజిక్ సరస్సు ఒడ్డుదే, బ్రాండెల్‌హౌ అనే అడవి, 1902లో. ఆయన 1920లో పోయాక ఫ్రయర్స్ క్రాగ్ అనే అందమైన రాతికొమ్మును ఆయన స్మృతికి అంకితం చేశారు. జెంకిన్సన్ 1891లోనే పోయాడు. ఆయన జ్ఞాపకంగా ఉన్నది ఫిట్జ్ పార్కు గేటు. దారుల తాళాలు తీయించినవాడికి గేటు కట్టడం ఎవరి ఆలోచనో గాని, చమత్కారంగానే ఉంది.

రైలు 1972లో ఆగిపోయింది. దాని కట్ట మీద థ్రెల్‌కెల్డ్ వరకు నడకదారి వేశారు. 2015 డిసెంబరు తుఫానులో గ్రీటా పొంగి వంతెనలను ఎత్తుకుపోయింది. అయిదేళ్ళు పట్టినా మళ్ళీ కట్టి 2020 డిసెంబరులో తెరిచారు. ఊరిని తప్పించి పోయే పెద్ద రోడ్డు 1970లలో పడినప్పుడు స్పూనీ గ్రీన్ సందుకు సరిగ్గా అడ్డంగా వచ్చింది. ఇప్పుడు లారీలు క్రిందుగా పోతాయి. వాటి పైన, ఆ ఒక్క సందు కోసం, వంతెన ఉంది.