మొక్కల ఆక్వేరియంలో వాయు సమతుల్యత

మొక్కల ఆక్వేరియంలో వాయు సమతుల్యత అనగా చేపలు, నీటిమొక్కలు కలిసి పెరిగే మంచినీటి తొట్టిలో ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ వాయువులు రెండూ జీవులకు అనువైన మేరకు కరిగి ఉండే స్థితి. చేపలకు రాత్రింబవళ్ళు ఆక్సిజన్ అవసరం. మొక్కలకు వెలుతురు ఉన్నంతసేపు కార్బన్ డయాక్సైడ్ అవసరం. నీటికి గాలి బాగా తగిలేటట్లు చేయడాన్ని వాయుప్రసరణ అంటారు. వాయుప్రసరణ ఆక్సిజన్‌ను చేరుస్తుందని, కార్బన్ డయాక్సైడ్‌ను పోగొడుతుందని సాధారణంగా భావిస్తారు. నిజానికి అది రెండు వాయువులనూ బయటి గాలితో సమతాస్థితికి తెస్తుంది. నీటిలో ఎక్కువైన వాయువు బయటకు పోతుంది, తక్కువైన వాయువు లోపలికి వస్తుంది.

చరిత్ర

నీటిలో ముంచిన ఆకుల నుండి వెలుతురులో మాత్రమే ఆక్సిజన్ బుడగలు వెలువడతాయని, చీకటిలో మొక్కలు కూడా గాలిని చెడగొడతాయని డచ్ శాస్త్రవేత్త యాన్ ఇంగెన్‌హౌస్ 1779లో ప్రకటించాడు. 1850లో ఆంగ్ల రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ ఒక పాత్రలో గోల్డ్ ఫిష్, వాలిస్నేరియా మొక్కలు, నత్తలను కలిపి పెంచి, అవి ఒకదానికొకటి తోడ్పడే తీరును వివరించాడు. 1853లో లండన్ జంతు ప్రదర్శనశాలలో ప్రజల కొరకు చేపలశాల తెరవబడింది. జపాన్‌కు చెందిన తకాషి అమానో (1954-2015) 1982లో ఆక్వా డిజైన్ అమానో సంస్థను స్థాపించాడు. తొట్టిలోకి కార్బన్ డయాక్సైడ్‌ను ప్రత్యేకంగా పంపి మొక్కలను ఏపుగా పెంచే పద్ధతి ప్రాచుర్యం పొందడంలో ఆయన పాత్ర ముఖ్యమైనది.

నీటిలో వాయువుల పరిమాణం

గాలితో సమతాస్థితిలో ఉన్న మంచినీటిలో 25 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉంటుంది. 30 డిగ్రీల వద్ద ఇది సుమారు 7.5 మిల్లీగ్రాములకు తగ్గుతుంది. అందువలన వేసవిలో చేపలకు ఇబ్బంది ఎక్కువ. 25 డిగ్రీల నీటిలో గాలి నుండి చేరే కార్బన్ డయాక్సైడ్ లీటరుకు సుమారు 0.6 మిల్లీగ్రాములు మాత్రమే. పైగా వాయువుల విసరణ గాలిలో కంటే నీటిలో దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా జరుగుతుంది. కాబట్టి నీరు కదలకపోతే ఆకును అంటిపెట్టుకొని ఉన్న పలుచని నీటిపొరలో కార్బన్ డయాక్సైడ్ త్వరగా అడుగంటుతుంది.

ఈ రెండు వాయువులు ఒకదాని స్థానాన్ని మరొకటి ఆక్రమించవు. ఒకే తొట్టిలో రెండూ ఎక్కువగా ఉండవచ్చు, రెండూ తక్కువగా కూడా ఉండవచ్చు.

పగలు - రాత్రి

వెలుతురులో మొక్కలు కిరణజన్య సంయోగక్రియ ద్వారా కార్బన్ డయాక్సైడ్‌ను గ్రహించి ఆక్సిజన్‌ను విడుదల చేస్తాయి. నీరు ఆక్సిజన్‌తో సంతృప్తమైన తరువాత ఆకులపై బుడగలు నిలుస్తాయి. పాఠశాలలలో హైడ్రిల్లా మొక్క, గరాటు, పరీక్షనాళికలతో చేసే ప్రయోగంలో కనిపించేవి ఇటువంటి బుడగలే. దీపం ఆర్పిన తరువాత చేపలు, మొక్కలు, సూక్ష్మజీవులు అన్నీ ఆక్సిజన్‌ను వాడుకుంటూ కార్బన్ డయాక్సైడ్‌ను విడుదల చేస్తాయి. తొట్టిలో ఆక్సిజన్ అతి తక్కువగా ఉండే సమయం దీపం తిరిగి వెలగడానికి ముందు. చేపల మరణాలు తరచుగా తెల్లవారుజామున బయటపడడానికి కారణం ఇదే.

కృష్ణా, గోదావరి డెల్టాలలోని చేపల, రొయ్యల చెరువులకు కూడా ఈ సూత్రమే వర్తిస్తుంది. అక్కడ ఏరేటర్లను ముఖ్యంగా రాత్రి, వేకువ వేళలలో నడుపుతారు.

కార్బన్ డయాక్సైడ్ సరఫరా

వెలుతురు తక్కువగా ఉండి నెమ్మదిగా పెరిగే మొక్కలు గల తొట్టికి ప్రత్యేక సరఫరా అవసరం లేదు. వాలిస్నేరియా, హైడ్రిల్లా వంటివి నీటిలోని బైకార్బనేట్‌ను కూడా వాడుకోగలవు. నీటినాచులకు ఆ శక్తి లేదు. వెలుతురు ఎక్కువగా ఉండి సరఫరా లేని తొట్టిలో కార్బన్ డయాక్సైడ్ మధ్యాహ్నానికి గాలితో సమతాస్థితి కంటే కూడా తగ్గిపోవచ్చు. అప్పుడు వాయుప్రసరణ ఆ వాయువును నీటిలోకి చేరుస్తుంది.

సరఫరాకు రెండు పద్ధతులు ప్రధానమైనవి.

* సిలిండరు పద్ధతి: సిలిండరులో వాయువు ద్రవరూపంలో ఉంటుంది. 20 డిగ్రీల వద్ద పీడనం సుమారు 57 బార్లు. రెగ్యులేటరు, సూది కవాటం ద్వారా దీనిని తగ్గించి సన్నని బుడగలుగా నీటిలోకి వదులుతారు. సిలిండరును ఎల్లప్పుడూ నిలువుగా ఉంచాలి.
* ఈస్ట్ పద్ధతి: సీసాలో పంచదార నీరు, ఈస్ట్ కలిపితే కిణ్వనం వలన వాయువు వెలువడుతుంది. ఖర్చు తక్కువ. అయితే రాత్రివేళ దీనిని ఆపడం వీలుకాదు.

సాధారణంగా లీటరుకు 20 నుండి 30 మిల్లీగ్రాములు లక్ష్యంగా పెట్టుకుంటారు. 30 మిల్లీగ్రాములంటే గాలితో సమతాస్థితిలో ఉండేదానికి దాదాపు 50 రెట్లు. అందుచేత ఇటువంటి తొట్టిలో పగలు నీటి ఉపరితలాన్ని ఎక్కువగా చిలికితే వాయువు వృథా అవుతుంది. దీపం వెలగడానికి ఒకటి రెండు గంటల ముందు సరఫరా ప్రారంభించి, ఆర్పడానికి సుమారు గంట ముందు ఆపుతారు.

కొలత

కార్బన్ డయాక్సైడ్‌ను పీహెచ్, కార్బనేట్ క్షారతల నుండి అంచనా వేయవచ్చు. క్షారతను జర్మన్ డిగ్రీలలో తీసుకుంటే:

కార్బన్ డయాక్సైడ్ (లీటరుకు మిల్లీగ్రాములలో) = 3 × క్షారత × 10^(7 − పీహెచ్)

ఉదాహరణకు క్షారత 4, పీహెచ్ 6.6 అయితే ఫలితం సుమారు 30. నీటిలో ఇతర ఆమ్లాలు, ఫాస్ఫేట్లు ఉంటే ఈ లెక్క తప్పుతుంది. అందువలన డ్రాప్ చెకర్ అనే చిన్న గాజు పరికరాన్ని కూడా వాడతారు. ఇందులో 4 డిగ్రీల క్షారత గల ద్రావణం, బ్రోమోథైమాల్ బ్లూ సూచిక ఉంటాయి. నీలం రంగు వాయువు తక్కువని, ఆకుపచ్చ సరిపడా ఉందని, పసుపు అధికమని సూచిస్తుంది. రంగు మారడానికి సుమారు రెండు గంటలు పట్టవచ్చు కాబట్టి చేపల కదలికలను గమనించడం అవసరం.

వాయుప్రసరణ పద్ధతులు

ఎయిర్ పంపు, ఎయిర్ స్టోన్, ఫిల్టరు నుండి వచ్చే నీటిధార ముఖ్యమైన సాధనాలు. ఎయిర్ స్టోన్ బుడగలు పైకి వస్తూ నీటిని కదిలిస్తాయి. వాయువుల మార్పిడి అధికంగా జరిగేది ఉపరితలం వద్దనే. ఉపరితలంపై జిడ్డుపొర ఏర్పడితే ఈ మార్పిడి తగ్గుతుంది. పగలు నీరు తొట్టి అంతటా తిరుగుతూ ఉపరితలం స్వల్పంగా కదలడం, రాత్రి ఎయిర్ పంపు నడవడం అనుకూలమైన ఏర్పాటు.

ప్రమాద సూచనలు

కార్బన్ డయాక్సైడ్ అధికమైతే చేపల రక్తం ఆమ్లత్వం పొంది, హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను గ్రహించే శక్తి తగ్గుతుంది. అందువలన నీటిలో ఆక్సిజన్ చాలినంత ఉన్నప్పటికీ చేపలు ఉపరితలానికి చేరి నోరు తెరుస్తూ మూస్తూ ఉంటాయి, మొప్పలు వేగంగా కదులుతాయి. అప్పుడు సరఫరాను వెంటనే ఆపి, ఎయిర్ పంపు నడిపి, కొంత నీటిని మార్చాలి. ఆక్సిజన్ కొరతలోనూ ఇవే లక్షణాలు కనిపిస్తాయి. వాయుప్రసరణ రెండింటినీ సరిచేస్తుంది కాబట్టి కారణం తెలిసేవరకు వేచి ఉండనవసరం లేదు. విద్యుత్తు లేనప్పుడు తొట్టిలోని నీటినే చెంబుతో తీసి కొంత ఎత్తు నుండి మరల మరల పోయడం కూడా ఉపకరిస్తుంది.

ఇవి కూడా చూడండి

* కిరణజన్య సంయోగక్రియ
* శ్వాసక్రియ
* కార్బన్ చక్రం
* హైడ్రిల్లా