దుర్గాబాయి దేశ్‌ముఖ్: నాయకత్వ రీతి

దుర్గాబాయి దేశ్‌ముఖ్ (1909–1981) సంఘ సేవకురాలు, రాజ్యాంగ సభ సభ్యురాలు. జన్మస్థలం రాజమండ్రి. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభల వేళ ఖాదీ ప్రదర్శన ద్వారం దగ్గర వాలంటీరుగా నిలబడి, టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూను ఆపారు. నిర్వాహకులు టికెట్ కొనిచ్చాకే లోపలికి వదిలారు. అప్పటికి ఆమెకు 14 ఏళ్లు. ఈ నిక్కచ్చితనం గురించే ఎక్కువగా చెప్పుకుంటారు గానీ, ఆమె అసలు బలం తాను పడ్డ కష్టాన్ని పదిమందికి దారిగా మలచడంలో ఉంది. మధ్యలో ఆగిన చదువును పెద్దయ్యాక బనారస్ విశ్వవిద్యాలయపు మెట్రిక్ పరీక్షతో అందుకున్నారు. మద్రాసులో 1937లో నెలకొల్పిన ఆంధ్ర మహిళా సభ ద్వారా తరగతులు నడిపి ఎందరో ఆడవాళ్లను అదే పరీక్షకు కూర్చోబెట్టారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు; ఆ బోర్డు నడిపిన సంక్షిప్త విద్యా కోర్సులకు మూలం ఈ తరగతులే.