కోలారులో దొరికిన సున్నా

మ్యూయాన్ ఒక బుల్లి అయస్కాంతం. అయస్కాంత క్షేత్రంలో పెడితే బొంగరంలా ఊగుతుంది. ఆ ఊపు ఎంతో 1957లో గార్విన్, లెడర్‌మన్, వైన్‌రిక్‌లు కొలిచారు. 2025 జూన్‌లో అమెరికాలోని ఫెర్మిల్యాబ్ ఆ కొలతని వందకోట్లలో 127 వంతుల ఖచ్చితత్వానికి తెచ్చింది. 2021లో ఇదే ప్రయోగం సిద్ధాంతానికి దూరంగా జరిగినట్టు కనిపిస్తే, కొత్త భౌతికశాస్త్రం తలుపు తట్టిందన్నారు. ఈలోపు సిద్ధాంతం లెక్కే మారింది, తేడా దాదాపు పోయింది. ఇన్నేళ్ళ కష్టానికి ఇంతేనా అని చాలామంది నిట్టూర్చారు.

నాకు మాత్రం కోలారు గుర్తొచ్చింది. చిత్తూరు జిల్లా సరిహద్దు దాటితే వచ్చే బంగారు గనులు.

మ్యూయాన్లని చూడ్డానికి ఫెర్మిల్యాబ్ దాకా పోనక్కర్లేదు. విశ్వకిరణాలు గాలి పైపొరల్ని ఢీకొంటే అవి పుట్టి మనమీద కురుస్తూనే ఉంటాయి. పామర్రు సెంటర్లో బస్సు కోసం నిలబడి అరచెయ్యి చాస్తే నిమిషానికి పదుల సంఖ్యలో దూసుకుపోతాయి. రాయినీ తొలుచుకుని పోతాయి. ఎంత లోతుకి? అది తేల్చడానికే టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 1950లలో కోలారు గనుల్లోకి దిగారు. బి.వి. శ్రీకంఠన్ మొదలుపెట్టిన పనిని పి.వి. రమణమూర్తి, వి.ఎస్. నరసింహం, ఒసాకా నుంచి వచ్చిన మియాకే 1960ల మొదట్లో ఇంకా కిందికి తీసుకెళ్ళారు. దిగేకొద్దీ లెక్క తగ్గుతూ వచ్చింది. రెండున్నర కిలోమీటర్లు దాటిన చోట, రెండు నెలలు కాపు కాసినా, ఒక్కటీ పడలేదు.

ఇంకొకరైతే సామాను సర్దుకునేవారు. వీళ్ళు ఆ సున్నాని ఇంకోలా చదివారు. న్యూట్రినో రాయిని తాకితే అక్కడ కొత్త మ్యూయాన్ పుట్టొచ్చు. పైన అయితే మామూలు మ్యూయాన్ల రొదలో దాన్ని పట్టుకోలేం. ఇక్కడ రొద లేదు. అందుకే గని లోతున డిటెక్టర్లు పెట్టారు. ఒసాకా, డరమ్ విశ్వవిద్యాలయాలు తోడయ్యాయి. వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల ఆనవాలు 1965 ఆగస్టు 15న ఫిజిక్స్ లెటర్స్‌లో అచ్చయింది. దక్షిణాఫ్రికా గనిలో రైన్స్ బృందానికి అలాంటి సంఘటన ఫిబ్రవరిలోనే దొరికింది కానీ, అచ్చులో రెండు వారాలు వెనకబడ్డారు.

గనులు 2001లో మూతపడ్డాయి. ఏ లోతున ఎన్ని మ్యూయాన్లు అన్న ఆ లెక్కలు మాత్రం మిగిలాయి. ఫెర్మిల్యాబ్ అంకె కూడా అలాంటిదే. రేపు ఎవరు కొత్త కణం ఉందన్నా, ముందు ఆ అంకెకి సమాధానం చెప్పుకోవాలి.